ఒంటిమనిషి పడవ సామాను

మా ఆయనకి ప్రాణం మీద తీపి పుట్టిందని నాకు మొదట తెలిసింది ఒక విజిల్ వల్ల.

వేసవి సెలవులు మొదలై నాలుగు రోజులైంది. ఆయన బడి బస్సు డ్రైవరు. పిల్లలకి సెలవులంటే ఆయనకీ సెలవులే. ఏటా ఆ రెండు నెలలూ పడక్కుర్చీలో వాలి ఫ్యాను వంక చూస్తూ గడిపేవాడు. ఆ ఏడాది మాత్రం ఎవరి దగ్గరో పాత కయాక్ ఒకటి బేరమాడి, వ్యాను మీద కట్టించి తెచ్చాడు. ఒంటిమనిషి పడవ అది. గట్టి ప్లాస్టిక్‌తో పోసిన పొడుగాటి డొప్ప. లోపలికి దూరే పని లేదు, పైనే కూర్చోవాలి, రెండు కొసలా రెక్కలున్న ఒకే తెడ్డుతో నడుపుకోవాలి. ఊరి చివర రిజర్వాయర్లో అలాంటి పడవల మీద చేపలు పట్టేవాళ్ళు కొందరున్నారు. ఎప్పుడైనా ఆదివారం ఒడ్డున కూర్చుని గాలం వేసే మనిషే కాబట్టి, సరే, సరదా పడ్డాడు అనుకున్నాను.

పడవ గురించి నాకు బెంగ లేదు. పడవ కోసం కొంటున్న సామాను చూశాకే అనుమానం మొదలైంది.

స్కూటర్ మీద ఆయన హెల్మెట్ పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. పెట్టుకుంటే జుట్టు రాలిపోతుందట. రాలడానికి అక్కడేమీ మిగల్లేదు మహానుభావా అన్నా వినడు. తడిచేత్తో ప్లగ్గు పీకుతాడు. అలాంటి మనిషి భోజనాల బల్ల మీద మూడు విజిళ్ళు వరసగా పెట్టుకుని, ఒక్కొక్కటే నీళ్ళ గ్లాసులో ముంచి తీసి ఊదుతున్నాడు.

"ఇది పనికిరాదు. లోపల గోళీ ఉంది, తడిస్తే ఇరుక్కుపోతుంది. ఇదిగో, ఇది చూడు. గోళీ లేదు. నీళ్ళలోంచి తీసి ఊదినా అవతలి ఒడ్డుకి వినపడుతుంది," అన్నాడు.

"ఎవరికి వినపడాలి?" అన్నాను.

"ఎవరికో ఒకరికి," అని మళ్ళీ ఊదాడు.

నేను దర్జీని. ముందు గదే నా దుకాణం. నడుము కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టని మనిషిని నేనింతవరకూ చూడలేదు. పాత చొక్కా కొలత కోసం ఇస్తూ "నేనేం లావు కాలేదండీ, ఇదే సరిపోతుంది" అంటారు. ఆ చొక్కా బొత్తాల దగ్గర కాజాలు సాగి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. అందుకే మనుషుల మాటల మీద నాకు నమ్మకం తక్కువ. గుడ్డ చెప్పింది నమ్ముతాను. అనుమానపు మనిషివని మా ఆయన వెక్కిరిస్తాడు గానీ, ఆ అనుమానమే నాకు అన్నం పెడుతోంది.

మా అన్నయ్య భార్య, మా వదిన, నాతోపాటే కూర్చుని కాజాలు తీస్తుంది, అంచులు మడుస్తుంది. ఆవిడ చేతికి ఎంత పనో నోటికి అంతకు రెట్టింపు. ముందు గదిలోంచి ఆ విజిళ్ళ కచేరీ అంతా విని, సూది జుట్టులో గుచ్చుకుంటూ నా వైపు వంగింది.

"మీ ఆయనకి ఈత రాదా?"

"ఎందుకు రాదు? చేపలా ఈదుతాడు."

"మరి ఇన్ని జాగ్రత్తలు ఎవరికమ్మా? ఈత రానిది ఇంకెవరికో అయ్యుండాలి."

ఒంటిమనిషి పడవలో ఇంకెవరు పడతారు వదినా అని నవ్వేశాను. కానీ ఆ మాట గుడ్డలో విరిగిన సూదిముక్కలా లోపలే ఉండిపోయింది. ఎక్కడ చెయ్యి వేసినా గుచ్చుకునేది.

ఆ తర్వాత సామాను ఒక్కొక్కటీ వస్తూనే ఉంది. ఫోను తడవకుండా ఒక సంచి. మోటారు పడవలవాళ్ళకి దూరం నుంచే కనపడేలా నారింజ రంగు జెండా, దానికో పొడుగాటి పుల్ల. తెడ్డు నీళ్ళలో పడిపోయినా కొట్టుకుపోకుండా మనిషికి కట్టుకునే చుట్టల తాడు. పడవలోంచి పడితే మళ్ళీ ఎక్కడానికి అంచున వేలాడేసే మెట్టు లాంటి పట్టీ. మా ఇంటి మేడమెట్లకి రెయిలింగ్ పెట్టించండి అని నేను ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నాను. దానికి లేని తీరిక పడవ మెట్టుకి దొరికింది.

పొద్దున్నే ఆరింటికల్లా వెళ్ళిపోయేవాడు, పదింటికి వచ్చేవాడు. చేపలు మాత్రం ఉండేవి కావు. మొదటి వారం "ఏం పడలేదు" అన్నాడు. రెండో వారం "పడ్డాయి, చిన్నవి, వదిలేశాను" అన్నాడు. మూడో వారం ఆయన చెప్పడం మానేశాడు. గాలం కర్రలు మంచం కింద ఎక్కడివి అక్కడే ఉన్నాయి. నేను వంగి చూశాను, పైన దుమ్ము కూడా చెదరలేదు.

గడ్డం పెంచడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో గడ్డం గీసుకోకుండా గడప దాటని మనిషి. "సెలవులే కదా, ఎవరు చూస్తారు?" అన్నాడు. చూసేవాళ్ళు ఉన్నప్పుడే కదా గడ్డాలు పెరిగేది అంది వదిన.

అన్నింటికన్నా నన్ను కాల్చింది చొక్కాల సంగతి. మా పెళ్ళి తర్వాత ఆయన ఒంటి మీద నేను కుట్టని చొక్కా లేదు. కాలరు ఎంత మెత్తగా ఉండాలో, భుజం ఎక్కడ ఆగాలో నా చేతికి తెలుసు. ఆ చొక్కాలన్నీ బీరువాలో మడతపెట్టేసి, బజార్లో దొరికే టీ షర్టులు తల మీంచి తొడుక్కుని తిరగడం మొదలుపెట్టాడు. "ఎండలకి ఇవే హాయిగా ఉన్నాయే," అన్నాడు. ఆ రోజు రెండు బ్లౌజులకి చేతులు తారుమారుగా కుట్టాను.

పైగా ఫోన్లు. పడవల షాపు నడిపేది ఆడమనిషని అప్పుడే తెలిసింది. పెరట్లో పడవ పక్కన నిలబడి మాట్లాడేవాడు, నేను గుమ్మంలోకి రాగానే గొంతు తగ్గించేవాడు. ఒకరోజు తలుపు వెనకాల నిలబడి విన్నాను. సిగ్గుపడట్లేదు, నిలబడ్డాను.

"అది నాకు కుదరదండీ... లేదు లేదు, లంగరు వద్దు... సరే, మీరు ఎలా చెప్తే అలాగే చేస్తాను."

మీరు ఎలా చెప్తే అలాగే! ఇంట్లో నేను చెప్పినవాటిలో ఒక్కటంటే ఒక్కటి చెయ్యని మనిషి.

లైఫ్ జాకెట్ తేలడానికే పది రోజులు పట్టింది. మూడు తెచ్చాడు, మూడూ తిరిగిచ్చేశాడు. నాలుగోది ఉంచుకున్నాడు. ఆయన స్నానానికి వెళ్ళగానే దాన్ని తెచ్చి మిషను మీద పరిచాను. మంచి పనితనం, కాదనను. వీపు పైభాగాన మాత్రమే మందంగా ఫోమ్ పెట్టి, నడుము దగ్గర పల్చగా వదిలారు, పడవ కుర్చీకి ఆనుకోవడానికి వీలుగా. భుజాల మీద కుట్టు నాలుగు వరసలు. ముందు అంచులు రెండూ కలిపి చూశాను. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మగవాళ్ళ బట్టకి బొత్తాలు కుడి అంచున ఉంటాయి, ఆడవాళ్ళ బట్టకి ఎడమ అంచున. మిషను ముందు కూర్చున్న మొదటి వారంలోనే నేర్పే పాఠం అది. ఈ జాకెట్‌కి బొత్తాల బదులు పట్టీలున్నాయి. పట్టుకుని లాగి బిగించే కొసలు మూడూ ఎడమ అంచునే ఉన్నాయి. ఛాతీ కోత కూడా మగవాడిది కాదు. మెడ దగ్గర లేబుల్ ఉండాల్సిన చోట నాలుగు దారప్పోగులు మిగిలాయి. ఎవరో దాన్ని కత్తిరించేశారు.

వదినని పిలిచాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, అంచులు పట్టుకుని, తిప్పి చూసి ముక్కున వేలేసుకుంది.

"ఆడవాళ్ళదే."

"కదా?"

"అనుమానమేముంది? కాకపోతే సైజు పెద్దది. మనిషి బాగా దిట్టంగానే ఉండుంటుంది."

తల తుడుచుకుంటూ ఆయన వచ్చేశాడు. జాకెట్ నా చేతిలోనే ఉంది.

"చూశావా? బాగుంది కదా?"

"బాగానే ఉంది. ఎవరిది?"

"ఎవరిదేంటి, నాదే."

"లేబులేది?"

"మెడకి గుచ్చుకుంటోందని తీసేశాను." ఏమాత్రం తడుముకోకుండా అన్నాడు. "చేతిలో ఉంది కాబట్టి ఒక పని చేసిపెట్టు. ఇదిగో, ఇక్కడ కుడి ఛాతీ మీద ఒక గట్టి పట్టీ కుట్టు, విజిల్ తగిలించుకోవాలి. దాని కిందే ఈ కత్తికి ఒర. గాలం తీగ కాలికి చుట్టుకుంటే కోసుకోవాలి కదా."

మొండి కొసతో వేలెడంత కత్తి అది, కొస చేతికి తాకినా గుచ్చుకోదు.

"కుడి ఛాతీ మీద ఏంటి? జేబు ఎడమవైపు కదా ఉండేది?"

"నేను చెప్పిన చోట కుట్టవే, పుణ్యముంటుంది."

ఆయన వెళ్ళాక వదిన నెమ్మదిగా అంది, "ఆవిడ అలా చెప్పి ఉంటుంది." అంతే, నాకు తిక్క రేగింది. లోకంలో ఏ మగవాడి జేబైనా ఎడమ ఛాతీ మీదే ఉంటుంది, కుడిచెయ్యి వెళ్ళేది అక్కడికే. ఎవరో చెప్పారని నేను నా పనిని తలకిందులు చేసుకోవాలా? జాకెట్ నిజంగా ఈయనదే అయితే ఎడమవైపే వీలుగా ఉంటుంది, వేరేవాళ్ళదైతే వాళ్ళ వీలు నాకనవసరం. ఎడమవైపే కుట్టాను. మైనం పట్టించిన దారంతో, రెండు పేటలు వేసి, ఎంత లాగినా ఊడకుండా కుట్టాను.

మర్నాడు పొద్దున ఆయన బయల్దేరుతుంటే ఇంకో మాట కూడా వదిలాను.

"నెల రోజుల నుంచి చేపలకి వెళ్తున్నారు. ఇవాళైనా ఒక్క చేప కళ్ళ చూపిస్తారా, లేక అక్కడ వేరే వ్యాపకమేమైనా ఉందా?"

ఆయన నా మొహం వంక చూశాడు. లోపలికెళ్ళి, మంచం కింద నుంచి గాలం కర్ర ఒకటి తీసుకుని వెళ్ళాడు.

పదింటికి రాలేదు. పదకొండింటికి రాలేదు. పన్నెండున్నరకి వచ్చాడు, తల నుంచి కాలిదాకా తడిసి. గడ్డం కింద గీసుకుపోయింది. కుడికాలి చీలమండ చుట్టూ ఎర్రగా గీతలు, సన్నటి తీగ గట్టిగా బిగుసుకున్నట్టు. గాలం కర్ర లేదు.

"ఏమైంది?"

"కాలు జారింది."

"ఎక్కడ?"

"ఒడ్డునే," అని లోపలికెళ్ళిపోయాడు.

ఒడ్డున జారితే తల తడవదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది, అప్పటికే ఆయన పెరట్లో పడవ మీద కూర్చుని జాకెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. బ్లేడుతో నా కుట్టు విప్పుతున్నాడు. ఒక్కో పోగే, చిన్నపిల్లాడు గీతలు గీస్తున్నట్టు వంకర టింకరగా, గుడ్డ కూడా తెగుతోంది. నాకు కళ్ళలో కారం కొట్టినట్టయింది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నా కుట్టు విప్పుతున్నారా?"

"చెప్పిన చోట కుట్టమన్నాను కదా," అన్నాడు. అరవలేదు, విసుక్కోలేదు కూడా. మామూలుగా కూరలో ఉప్పు తగ్గితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి. ఇంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చింది? మనసులో తప్పు పెట్టుకున్నవాళ్ళకే ఇంత ఓపిక ఉంటుందనుకున్నాను. మర్నాడే దుకాణం వదినకి అప్పజెప్పి పడవల షాపుకి బయల్దేరాను.

సైకిల్ రిపేరుకి, రంగుల కొట్టుకి మధ్య ఇరుకు షాపు అది. తెడ్లు పైకప్పు నుంచి వేలాడుతున్నాయి, గోడనిండా జాకెట్లు. బల్ల వెనక ఉన్నావిడకి యాభై ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, వెడల్పాటి భుజాలు, మోకాలికి బిగించిన పట్టీ. ఒకప్పుడు ఈత నేర్పేదట, గోడ మీద ఫొటోలున్నాయి. నేను కళ్ళతోనే కొలిచాను. ఆ జాకెట్ ఈవిడకి అతికినట్టు సరిపోతుంది. నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

"మా తమ్ముడు కయాక్ కొన్నాడు. ఏమేం కావాలో తెలుసుకుందామని," అన్నాను. నాకు తమ్ముడు లేడు.

ఆవిడ మొహం వెలిగింది. "కూర్చోండి. ముందు జాకెట్, తర్వాతే మిగతావన్నీ. చాలామంది వచ్చి చేపలు వెతికే మిషను ఉందా, కప్పు పెట్టుకునే రింగు ఉందా అని అడుగుతారు. జాకెట్ దగ్గరికొచ్చేసరికి ఏదో ఒకటి ఇవ్వండి అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. వేసుకుని, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పైకి లాగి చూడాలి. చెవుల దాకా వచ్చిందంటే అది మీది కాదు."

"అందరూ అలా చూసుకోరు కదండీ."

"ఒకాయనున్నారు, ఆయన్ని చూసి నేర్చుకోవాలి. బడి బస్సు డ్రైవరు. పిల్లల్ని తిప్పేవాడు కదా, ఆ జాగ్రత్తే వేరు."

ఆవిడ ఏమీ దాచకుండా, తన కొడుకు మార్కులు చెప్పుకుంటున్నట్టు చెప్పుకుపోతోంది.

"ఆయన కొన్నవాటికంటే వద్దన్నవే ఎక్కువ. లంగరు వద్దన్నారు, తాడు చేదాలంటే రెండు చేతులూ బాగా ఆడాలి. గాలం నిలబెట్టుకునే గొట్టాలు రెండూ ఎడమవైపే బిగించమన్నారు. తెడ్డు తాడు చాలామంది పడవకి కడతారు, ఆయన కుడి మణికట్టుకి కట్టుకుంటానన్నారు. పట్టీలు కుడి చేత్తో లాగాల్సి వస్తోందని మగవాళ్ళ జాకెట్లు మూడు తిప్పి పంపారు. చివరికి నేనే లేడీస్ మోడల్లో పెద్ద సైజు తెప్పించి, లేబుల్ కూడా కత్తిరించి ఇచ్చాను, ఆయన మొహమాటపడుతుంటే. ఏం చేస్తాం? ఎడమచేతివాటం వాళ్ళ గురించి ఈ తయారుచేసేవాళ్ళకి ఆలోచనే ఉండదు."

"ఎవరికి ఎడమచేతివాటం?"

"ఆయనకే."

"ఆయనది కుడిచేతివాటమండీ," అన్నాను.

"మీకెలా తెలుసు?"

"ఆయన చొక్కాలు నేనే కుడతాను. ఎప్పుడూ కుడిచేతి మణికట్టు అంచే ముందు అరిగేది."

ఆవిడ నా వంక చూసింది. చేతిలో ఉన్న పట్టీని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "మంచినీళ్ళు తాగుతారా?" అంది.

తాగలేదు. బయటికొచ్చి సైకిల్ రిపేరు ముందు నిలబడ్డాను, ఎంతసేపో తెలీదు. బొత్తాల చొక్కాలు మానేసింది హాయి కోసం కాదు. గడ్డం ఎవరి కోసమూ పెరగలేదు. జాకెట్ ఆడవాళ్ళదేనని నా కన్ను సరిగ్గానే పట్టింది, మనిషిని చూడ్డంలోనే పప్పులో కాలేసింది. నిన్న ఆ నీళ్ళలో కాలికి తీగ చుట్టుకున్నప్పుడు, ఎడమ చేత్తో కుడి ఛాతీ మీద కత్తి కోసం వెతుక్కుని ఉంటాడు. అక్కడ కత్తి లేదు. నేను నా పంతం కొద్దీ రెండు పేటల దారంతో ఎడమవైపు బిగించాను. ఆ పెనుగులాటలో పడవ ఎలా తిరగబడిందో, ఎలా బయటపడ్డాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇంకో ఆడమనిషి ఉన్నా బాగుండేది అనిపించింది. వెళ్ళి జుట్టు పట్టుకుని పోట్లాడుకునేదాన్ని. దీనికోసం ఎవరితో పోట్లాడాలి?

మర్నాడు పొద్దున ఆయన వెనకే రిజర్వాయర్‌కి వెళ్ళాను. రాతి కట్ట మీద కూర్చుని చూశాను. ఎడమవైపు తెడ్డు శుభ్రంగా నీళ్ళలో దిగుతోంది. కుడివైపు మూడు నాలుగు సార్లు బాగానే పడుతోంది, ఐదోసారి పిడికిలి సడలి తెడ్డు జారిపోతోంది. మణికట్టు తాడు దాన్ని ఆపుతోంది. ఎడమ చేత్తో తీసుకుని, కుడి వేళ్ళని ఒక్కొక్కటే దాని చుట్టూ మూసి, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. అలా ఎన్నిసార్లో. నేను ఏడుస్తున్నానని నాకు ముక్కు కారినప్పుడు గానీ తెలియలేదు.

ఒడ్డుకొచ్చి నన్ను చూసి తెల్లబోయాడు. జెండా పుల్ల కింద పెట్టి, నా పక్కన రాయి మీద కూర్చున్నాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"పరీక్షల నెల నుంచి. ముందు తిమ్మిరి అనుకున్నాను."

"డాక్టరు?"

"మెడ దగ్గర నరం అన్నాడు. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. చేతికి పని చెప్పమన్నాడు. బండి మాత్రం ముట్టుకోవద్దన్నాడు."

"మరి మీరు బడి ఆఖరి రోజు దాకా నడిపారు."

ఆయన నీళ్ళ వంక చూశాడు. ఎడమ చేత్తో గేర్ వేస్తున్నంతసేపూ బండి మొత్తం కుడిచేతి మీదే ఉంటుంది, ఆ మాత్రం నాకూ తెలుసు.

"ఆఖరి వారం ఒకరోజు వంతెన మలుపులో స్టీరింగ్ జారింది. ఒక్క క్షణమే. వెనకాల నలభై మంది పాటలు పాడుకుంటున్నారు, ఎవరికీ తెలీలేదు," అన్నాడు. "ఈ రెండు నెలల్లో తెచ్చేసుకుందామనుకున్నానే ఈ చేతిని. తెడ్డు వేస్తే వేళ్ళకి బలం వస్తుందని. ఒంటరిగా వెళ్తాను కాబట్టి అన్నీ చూసి చూసి కొనుక్కున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు నమ్మేదానివి. నమ్మాక బస్సు ఎక్కనివ్వవు."

ఆయనే అడిగాడు, "ఇంతకీ నువ్విక్కడికి ఎందుకొచ్చావు?"

"ఆ జాకెట్ ఏ ఆవిడదో నిన్నటి దాకా వెతుకుతున్నాను లెండి."

ఒక నిమిషం పట్టింది ఆయనకి. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, పొట్ట పట్టుకుని, రాయి మీద నుంచి జారిపోయేలా. "పడవల షాపావిడా? నాకు ఆవిడంటే మా హెడ్మాస్టరు కంటే భయం!" నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన కుడిచెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా ఉంది. విజిల్ పట్టీ, కత్తి ఒర ఆ సాయంత్రమే అడిగిన చోట కుట్టిచ్చాను, సారీ అని మాత్రం చెప్పలేకపోయాను.

"బడి తెరిచిన రోజే వెళ్ళి చెప్పేస్తాను, తాళాలిచ్చేస్తాను," అన్నాడు. మాటిచ్చాడు.

మిగిలిన సెలవులన్నీ ఆయన తెడ్డు వేశాడు, నేను కట్ట మీద కూర్చుని చేతిపని చేసుకున్నాను. వదిన కూడా రెండుసార్లు వచ్చింది, ఈసారి నోరు మూసుకునే కూర్చుంది. ఐదో తెడ్డుకి జారే పిడికిలి పన్నెండో తెడ్డు దాకా నిలవడం మొదలుపెట్టింది. చొక్కా బొత్తాలు ఏడింటిలో మూడు పెట్టుకోగలిగాడు. ఆ మూడే నాకు బెంగ తెచ్చిపెట్టాయి. అసలు రాకపోతే మనిషి ఆశ వదులుకుంటాడు. సగం వచ్చిన చేతిని నమ్మి ఏం చేస్తాడోనని నాకు మళ్ళీ అనుమానం.

బడి తెరిచే రోజు ఐదింటికే లేచాడు. గడ్డం నేనే గీశాను. యూనిఫాం చొక్కాకి నాలుగు బొత్తాలు నేను పెట్టాను, మూడు ఆయన.

"చెప్తారు కదా?"

"చెప్తానన్నాను కదా."

ఆ గొంతు నాకు తెలుసు. "పడ్డాయి, చిన్నవి, వదిలేశాను" అన్న గొంతే. ఆయన వెళ్ళిన గంటకి తలుపు తాళం వేసి, బస్సు ఆగే మలుపు దగ్గరికి వెళ్ళాను. తల్లులు పిల్లల జడలు సర్దుతున్నారు, కొత్త సంచులు పిల్లల కంటే పెద్దగా ఉన్నాయి. ఒకవేళ ఆయనే నడుపుకుంటూ వస్తే ఏం చెయ్యాలో నిర్ణయించుకునే వచ్చాను. ఇంతమంది ముందు రోడ్డుకి అడ్డంగా నిలబడతాను. తర్వాత మా కాపురం ఏమైనా కానీ.

బస్సు వచ్చింది. స్టీరింగ్ ముందు ఎవరో పడుచువాడు. నేను రోడ్డు అంచు నుంచి వెనక్కి జరిగాను.

తలుపు తెరుచుకుంది. మా ఆయన మెట్టు దిగి పక్కన నిలబడ్డాడు. ఎడమ చేత్తో పిల్లల సంచులు అందుకుని లోపలికి ఇస్తున్నాడు. రెండు జడల పిల్ల ఒకతె మెట్టు మీద ఆగిపోయింది.

"అంకుల్, మీరు నడపట్లేదా?"

"ఇవాళ్టి నుంచి ఈ అంకుల్ నడుపుతారమ్మా. ఎక్కు, సీటు పోతుంది."

తలుపు వేసి, బస్సు ఒంటి మీద రెండుసార్లు తట్టాడు. అది వెళ్ళిపోయింది. ఆయన దాన్ని మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు నా దగ్గరికొచ్చాడు.

"బ్రేకు కాస్త గట్టిగా తొక్కుతున్నాడు. చెప్పాను. ఇక్కడి నుంచి దారి అతనికి తెలుసు," అన్నాడు.

"తాళాలిచ్చేశారా?"

"ఇచ్చేశాను." ఖాళీ జేబు తట్టి చూపించాడు. "ముందు తీసుకున్నాను. సీట్లో కూర్చున్నాను. స్టార్ట్ చేసి గేటు దాకా తెచ్చాను. ఖాళీ బండే కదా, ఒక్కసారి చూద్దామని."

ఎండ అప్పుడే ఎక్కుతోంది. తల్లులందరూ వెళ్ళిపోయారు.

"గేటు దగ్గర మలుపుంది కదా," అని ఆపేసి, కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"నువ్వు నన్ను నమ్మలేదు. అందుకే వచ్చి నిలబడ్డావు."

"నమ్మలేదు," అన్నాను.

"మంచి పని చేశావు," అన్నాడు.

రోడ్డు దాటేటప్పుడు ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ కుడి చేత్తోనే నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు సగమే మూసుకున్నాయి. మిగతా సగం నేను మూసి, గట్టిగా పట్టుకుని దాటించాను.